పాత ల్యాప్‌టాప్ చాలు, పద్ధతి కావాలి

2018 ఫిబ్రవరి. ఒకే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను క్రాష్ చేసింది.

మన ‘జ్ఞా’ తాలూకు ఓ ప్రత్యేకమైన కూర్పు అది. మెసేజ్‌లో వచ్చిందా, ఆ యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. ఐఓఎస్ 11.2.5లో ఈ సమస్య ఉంది. అప్పటికి పరీక్షల దశలో ఉన్న 11.3 బీటాలో లేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

‘ఐఫోన్ ఆగిపోతోంది’ అంటే అది ఫిర్యాదు. ‘11.2.5లో ఈ అక్షరం వస్తే ఆగిపోతోంది, 11.3 బీటాలో ఆగడం లేదు’ అంటే అది బగ్ రిపోర్ట్. మొదటి మాట ఎవరైనా అంటారు. రెండో మాట టెస్టర్ అంటారు.

ఆ టెస్టర్ మీరే కావాలి. కాగలరు కూడా. రాజాంలో ఉన్నా, టెక్కలిలో ఉన్నా, బొబ్బిలిలో అద్దెగదిలో ఉన్నా సరే. అమీర్‌పేట హాస్టల్‌కి బస్సెక్కక ముందే కాగలరు. దానికి కావాల్సింది ఒక చిన్న ల్యాబ్. అది మీ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషిన్లతో కడదాం.

అసలు ఏమిటీ వర్చువల్ మెషిన్?

మీ కంప్యూటర్ లోపల, సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్. అందరూ వీఎం అంటారు. ఒక దాంట్లో విండోస్ వేయొచ్చు. పక్కదాంట్లో లినక్స్ వేయొచ్చు. వైరస్ ఎక్కినా, ఫైళ్లు చెడిపోయినా ఆ వీఎంను పారేసి కొత్తది పెట్టుకోవచ్చు. మీ అసలు సిస్టమ్ సాధారణంగా క్షేమంగా ఉంటుంది.

ఇది కొత్త ముచ్చట కాదు. ఐబీఎం 1972లోనే మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం వీఎం/370ని ప్రకటించింది. 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ దీన్ని మామూలు పీసీ మీదికి తెచ్చింది. 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చింది. అదే ఏడాది లినక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎం ఆ కెర్నల్‌లో చేరింది. ఈ రెండూ ఉచితం. వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితం. అంటే డబ్బు లేదన్న సాకు ఇక చెల్లదు.

ఇంకో సాకు ఉంది. ‘మా ల్యాప్‌టాప్‌కి అంత సీన్ లేదండీ.’

ఉంది. లెక్క చూద్దాం.

మీ దగ్గర 8 జీబీ ర్యామ్ ఉందనుకోండి. 4 జీబీ మీ అసలు సిస్టమ్‌కి వదిలేయండి. దాని జోలికి వెళ్లొద్దు. మిగిలిన 4లో విండోస్ 10కి 3 ఇవ్వండి. డెస్క్‌టాప్ లేని డెబియన్ సర్వర్‌కి 1 జీబీ ఇస్తే హాయిగా నడుస్తుంది. ఒకదాంట్లో బ్రౌజర్, ఇంకోదాంట్లో వెబ్ అప్లికేషన్, డేటాబేస్. ల్యాబ్ అయిపోయింది. విండోస్ 11 కావాలంటే దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. టీపీఎం కోసం బెంగ అక్కర్లేదు, వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి వీఎంకి అది కృత్రిమంగా దొరుకుతుంది. కాకపోతే 8 జీబీ మెషిన్ మీద విండోస్ 11ని ఒక్కదాన్నే నడపండి. రెండోది ఆపండి. అన్నీ ఒకేసారి తెరవాలన్న ఆశ వదిలేయండి. టెస్టింగ్‌లో ఒక సమయానికి ఒక ప్రశ్నే అడుగుతాం. ఒక ప్రశ్నకి ఒకటో రెండో వీఎంలు చాలు.

కొత్త వీఎం తయారుచేసేటప్పుడు లిస్టులో 64-బిట్ కనిపించలేదా? కంగారు పడకండి. చాలాసార్లు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉండడమే కారణం. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అని ఉంటుంది. ఆన్ చేసి సేవ్ చేయండి. అంతే. ఈ ఒక్క స్విచ్ దగ్గర ఆగిపోయి ‘నా వల్ల కాదు’ అనేసుకున్నవాళ్లు ఎంతమందో! మీరు ఆగకండి.

ముందు స్నాప్‌షాట్, తర్వాతే పరీక్ష

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే దీన్నే గుర్తుపెట్టుకోండి.

ఓఎస్ వేయండి. అప్‌డేట్లు పూర్తిచేయండి. బ్రౌజర్, తెలుగు కీబోర్డ్ పెట్టండి. ఇంకేమీ వద్దు. వీఎంను షట్‌డౌన్ చేసి స్నాప్‌షాట్ తీయండి, అంటే ఆ క్షణంలో వీఎం ఎలా ఉందో అలాగే భద్రపరచండి. ‘క్లీన్’ అని పేరు పెట్టండి. ఇకమీదట ప్రతి పరీక్ష అక్కడి నుంచే మొదలవ్వాలి. పరీక్ష అయ్యాక మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ఎందుకింత పట్టుదల? ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడ. ఆ 240కి అంత విలువ ఎందుకు? బార్ మీద ఎంత బరువుందో పైకెత్తక ముందే అందరికీ తెలుసు కాబట్టి. ఎంతుందో తెలియని బార్ ఎత్తి ‘చాలా ఎత్తేశాను’ అంటే ఏ పుస్తకంలోకీ ఎక్కదు. మీ క్లీన్ స్నాప్‌షాట్ ఆ తూచిన బరువు.

నిన్న వేసిన సాఫ్ట్‌వేర్, మొన్న మార్చిన సెట్టింగ్, ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైలు... ఇవన్నీ ఉన్న వీఎంలో బగ్ దొరికితే అది అప్లికేషన్‌దా, మీ చెత్తదా? మీకే తెలియదు. తెలియనిది ఎదుటివాళ్లకి ఎలా చెబుతారు?

ఇక్కడ టెక్నాలజీ ఐదు నిమిషాల పని. అలవాటే అసలు పని. ‘ఈ ఒక్కసారికి స్నాప్‌షాట్ లేకుండా కానిచ్చేద్దాం’ అని మనసు రోజూ అంటుంది. రోజూ కాదనండి. కొన్నాళ్లకి మనసు అడగడం మానేస్తుంది.

పేరు, తేదీ, తీసివేత

మీ వీఎంల పేర్లు ఒకసారి చూసుకోండి. టెస్ట్, టెస్ట్ న్యూ, న్యూ 2, ఫైనల్, ఫైనల్ ఫైనల్. ఇలాగే ఉన్నాయి కదా? ఈ రోజే మార్చండి. పేరులో ఇవి ఉండాలి:

- ఏ ఓఎస్, ఏ వెర్షన్
- దేని కోసం
- ఎవరిది
- ఎప్పుడు తీసేయాలి

చివరిది అందరూ మరచిపోతారు. మైక్రోసాఫ్ట్ పరీక్షల కోసం ఇచ్చే విండోస్ ఎంటర్‌ప్రైజ్ ఇవాల్యుయేషన్ కాపీకి 90 రోజులు గడువు. విండోస్ సర్వర్‌కి 180 రోజులు. పేరులో తేదీ ఉంటే గడువు ముందే కనిపిస్తుంది. లేకపోతే సరిగ్గా డెమో రోజున ఆ వీఎం తనంతట తాను ఆగిపోతూ ఉంటుంది. ఎక్కడో దొరికిన క్రాక్ చేసిన ఐఎస్ఓ వేసుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. దాని లోపల ఏముందో తెలియనప్పుడు ‘క్లీన్’ అన్న పేరుకే అర్థం లేదు.

తీసేయడం గురించి కొంచెం గట్టిగా చెబుతాను. ‘ఉంటే ఉంటుందిలే’ అనేది మన ఇళ్లలోని అటకల నుంచి హార్డ్‌డిస్క్‌ల దాకా వచ్చిన అలవాటు. స్నాప్‌షాట్ ఊరికే ఉండదు. అది తీసిన క్షణం నుంచి జరిగే ప్రతి మార్పూ వేరే ఫైలులో చేరుతూ పోతుంది. దాని మీద ఇంకోటి తీస్తే ఇంకో ఫైలు. అలా గొలుసు పెరుగుతుంది. వీఎం నెమ్మదిస్తుంది. డిస్క్ నిండితే ఆగిపోతుంది. వీఎంవేర్ గొలుసులో 32 స్నాప్‌షాట్ల దాకా అనుమతిస్తుంది, కానీ రెండు మూడు మించొద్దని, ఒక్కోదాన్ని 72 గంటలకు మించి ఉంచొద్దని తానే సలహా ఇస్తుంది. అది పెద్ద సర్వర్ల గురించిన మాట. మీ ల్యాప్‌టాప్‌లో ‘క్లీన్’ ఒకటి, ఈ వారం పని ఒకటి ఉంచుకోండి. మిగతావి శనివారం సాయంత్రం తీసేయండి. వారానికి ఒక రోజు, ఒకే వేళ. క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఇంకో చిన్న చిక్కు, కొత్తవాళ్లందరికీ ఎదురయ్యేదే. వర్చువల్‌బాక్స్‌లో రెండు వీఎంలు పెడతారు. రెండింటి ఐపీ చూస్తే 10.0.2.15. ఒకదానికొకటి కనిపించవు. పాడైపోలేదు. మామూలుగా ఉండే నాట్ అనే నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ప్రతి వీఎం తన సొంత ప్రపంచంలో ఉంటుంది, అందుకే అదే నంబర్. రెండూ మాట్లాడుకోవాలంటే హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్ కలపండి, 192.168.56తో మొదలయ్యే వేర్వేరు నంబర్లు వస్తాయి. సమస్య తీరిపోతుంది.

మీ ఊరి పేరే మొదటి టెస్ట్ కేస్

ల్యాబ్ రెడీ. ఏం టెస్ట్ చేయాలి? దూరం వెళ్లకండి.

‘శ్రీకాకుళం’ అని టైప్ చేయండి. మీ కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కి పది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే మొత్తం 30 బైట్లు. ఇప్పుడు ‘విజయనగరం’ టైప్ చేయండి. ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. చూడటానికి విజయనగరమే పొడుగు. లోపల శ్రీకాకుళమే పొడుగు!

ఒక ప్రోగ్రామర్ జిల్లా పేరుకి 25 బైట్ల జాగా ఇచ్చారనుకోండి. విజయనగరంవాళ్ల దరఖాస్తు దిగ్విజయంగా సేవ్ అవుతుంది. శ్రీకాకుళంవాళ్లది తోక తెగుతుంది, లేదా ఎర్రర్ కొడుతుంది. ఇంగ్లిష్‌లో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకి ఈ బగ్ జన్మలో దొరకదు. మీకు ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. మన భాష మీకు ఇచ్చిన బలం ఇది. వాడుకోండి.

తర్వాత అదే పేరును వేర్వేరు వీఎంలలో చూడండి. విండోస్ 7 దాకా తెలుగుకి గౌతమి ఫాంట్ ఆధారం. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చింది. ‘శ్రీ’లోని రావత్తు రెండు చోట్లా సరిగ్గా కూర్చుందా? బటన్ మీద అక్షరాల అడుగు తెగిపోతోందా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయినా దాన్ని వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం ఒక వీఎం ఉంచండి.

కరెంట్ పోతే?

అక్టోబర్ అంటే మన వైపు అందరికీ ఒక జాగ్రత్త ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ. స్తంభాలు కూలి, కొబ్బరి తోటలు నేలకొరిగి, ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ నేల మీద ల్యాబ్ నడుపుతున్నాం. కాబట్టి ఈ మూడూ మీకు అలవాటు కావాలి.

ఒకటి. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. మళ్లీ చదవండి: స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది ఉన్నది అదే డిస్క్‌లో. డిస్క్ పోతే రెండూ పోతాయి. నెలకొకసారి మీ క్లీన్ వీఎం మొత్తాన్నీ ఓవీఏ అనే ఒకే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి బయటి హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. పెట్టాక ఒకసారి దాన్ని ఇంపోర్ట్ చేసి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌ను నమ్ముకుని ధైర్యంగా నిద్రపోవద్దు.

రెండు. తుపాను హెచ్చరిక వచ్చినా, కరెంట్ ఉండదని ముందే తెలిసినా వీఎంలన్నీ పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. నడుస్తున్న వీఎం మీద హఠాత్తుగా కరెంట్ పోతే లోపలి ఫైల్ సిస్టమ్, బయటి డిస్క్ ఫైలు రెండూ దెబ్బతినే ప్రమాదం ఉంది. డెస్క్‌టాప్ వాడేవాళ్లు యూపీఎస్ లేకుండా ల్యాబ్ నడపకండి.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. కరెంట్ పోవడాన్నే టెస్ట్ కేస్‌గా మార్చండి! ఫారం సగం నింపి, సబ్మిట్ నొక్కిన మరుక్షణం సర్వర్ వీఎంను పవర్ ఆఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేసి డేటాబేస్ చూడండి. సగం రికార్డ్ ఉందా? డబ్బు కట్ అయి రసీదు రాలేదా? అలాగే వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘కేబుల్ కనెక్టెడ్’ అని ఒక టిక్ ఉంటుంది. పని మధ్యలో దాన్ని తీసేయండి. కొండ ఊళ్లో సిగ్నల్ పోతే మన అమ్మానాన్నల ఫోన్‌లో ఏం జరుగుతుందో మీ కళ్లముందు జరుగుతుంది. ఏసీ గదిలో, ఎప్పుడూ పోని ఇంటర్నెట్ మీద రాసిన సాఫ్ట్‌వేర్‌కి ఈ పరీక్ష పెట్టేవాళ్లు కావాలి. మనకన్నా బాగా ఎవరు పెడతారు?

వాదించకండి, తెరిచి చూపించండి

మీరు బగ్ రాస్తారు. అవతల డెవలపర్ అంటారు, ‘మా కాడ బాగానే వస్తంది కదా!’

ఇక్కడే మీ వ్యక్తిత్వం తెలుస్తుంది. గొంతు పెంచొద్దు. ముఖం మాడ్చుకోవద్దు. ‘నేను చూశాను సార్’ అని దీనంగా అనొద్దు. స్నాప్‌షాట్‌ను వెనక్కి తీసుకెళ్లండి. మెట్టుమెట్టుగా చేసి చూపించండి. దూరంగా ఉంటే ఆ వీఎంనే ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి. అది వాళ్ల సిస్టమ్‌లోనూ అలాగే పడిపోతుంది. మాటకు మాట అక్కర్లేదు. ఇద్దరి మధ్యా గౌరవం పెరుగుతుంది.

దీనికి తోడుగా ఒక నోట్‌బుక్ పెట్టండి. ఇంజినీరింగ్‌లో రాసిన ల్యాబ్ రికార్డ్ లాంటిది కాదు. ఆ రికార్డ్ ఎలా పూర్తయ్యేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు! ఇది మీ సొంతం. తేదీ, వీఎం పేరు, ఏ స్నాప్‌షాట్, ఏం చేశారు, ఏమవుతుందనుకున్నారు, ఏమయింది. ఒక్కో పరీక్షకి నాలుగు లైన్లు. రాయకుండా ఆ రోజు కంప్యూటర్ మూయొద్దు.

ల్యాబ్‌లో పనిచేసే మీకు

లెక్చరర్లకు, ల్యాబ్ ప్రోగ్రామర్లకు రెండు మాటలు. చింతలవలస ఎంవీజీఆర్, రాజాం జీఎంఆర్ఐటీ 1997 నుంచి ఉన్నాయి. ఎచ్చెర్ల దగ్గర ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చింది. విజయనగరం జేఎన్‌టీయూ 2022 నుంచి గురజాడ పేరుతో సొంత యూనివర్సిటీ. టెస్టింగ్ నేర్చుకోగల పిల్లలు మన దగ్గర వేలల్లో ఉన్నారు. వాళ్ల చేతికి అందే ల్యాబ్ మీరు ఎలా ఉంచితే అలా ఉంటుంది.

ప్రతి మెషిన్‌లో ప్రతిసారీ ఓఎస్ వేయడం మానేయండి. ఒక మంచి మాస్టర్ ఇమేజ్ తయారుచేయండి. దాన్ని ఎవరూ మార్చలేకుండా తాళం వేయండి. విద్యార్థులకి దాని నుంచి లింక్డ్ క్లోన్లు ఇవ్వండి. క్లోన్‌లో తేడాలు మాత్రమే నిల్వ అవుతాయి కనుక డిస్క్ ఎంతో మిగులుతుంది. మాస్టర్‌ను మాత్రం కదపకూడదు, అది పోతే క్లోన్లన్నీ పోతాయి. పాత సర్వర్ ఒకటి మూలన ఉంటే దాని మీద వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్ వేయండి, అదీ ఉచితమే. సెమిస్టర్ ముగిసిన రోజున క్లోన్లన్నీ తీసేయండి. మొహమాటపడొద్దు. ముందే నోటీసు బోర్డులో తేదీ పెడితే ఎవరూ నొచ్చుకోరు.

పిల్లల్ని పాడుచేయనివ్వండి. ‘ముట్టుకోవద్దు’ అన్న ల్యాబ్‌లో ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. క్లోన్ ఇచ్చింది అందుకే.

ఈ ఆదివారం

ఒక దురభిప్రాయం తీసేసి పనిలోకి దిగండి. ‘కోడింగ్ రానివాళ్లు టెస్టింగ్‌లోకి పోతారు’ అని మీ స్నేహితుడెవరో అనే ఉంటాడు. పట్టించుకోకండి. శశి రెడ్డి 2001లో స్థాపించిన ఆప్‌ల్యాబ్స్ హైదరాబాద్ కేంద్రంగా ప్రధానంగా టెస్టింగ్ మీదే ఎదిగింది. 2011లో అమెరికాకు చెందిన సీఎస్‌సీ దాన్ని కొనుక్కుంది. టెస్టింగ్‌నే నమ్ముకున్న మరో హైదరాబాద్ కంపెనీ సిగ్నిటీని 2024లో కోఫోర్జ్ తీసుకుంది. ఈ పనికి విలువ కట్టేవాళ్లు ఉన్నారు. ‘వర్చువలైజేషన్ తెలుసు’ అని రెజ్యూమెలో రాసినవాళ్లు ఇంటర్వ్యూ వరసలో చాలామంది ఉంటారు. ల్యాప్‌టాప్ తెరిచి, స్నాప్‌షాట్ వెనక్కి తిప్పి, తాను పట్టిన బగ్‌ను రెండు నిమిషాల్లో చూపించేవాళ్లు అరుదు. మీరు రెండో రకం.

ఆదివారం పొద్దున్న ఇలా చేయండి:

1. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి.
2. వర్చువల్‌బాక్స్ వేసి, డెబియన్ వీఎం ఒకటి నిలబెట్టండి.
3. క్లీన్ స్నాప్‌షాట్ తీయండి.
4. కావాలని దాన్ని పాడుచేయండి. ముఖ్యమైన ఫోల్డర్ డిలీట్ చేయండి. బూట్ కాకుండా చేయండి.
5. స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లండి. మళ్లీ లేస్తుంది.

నాలుగో మెట్టును దాటేయొద్దు. పాడుచేసి మళ్లీ నిలబెట్టినవాళ్లకే ఆ తర్వాత చెయ్యి వణకదు.

మధ్యాహ్నం ఆ వీఎంను ఓవీఏగా మార్చి, టెస్టింగ్ నేర్చుకోవాలనుకుంటున్న మీ తమ్ముడికో, చెల్లికో, పక్కవీధి స్నేహితుడికో పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాళ్ల పక్కన కూర్చుని మొదటి స్నాప్‌షాట్ వాళ్ల చేతే తీయించండి.